రాగిరేకు మీద లేనిది

తిరుమల కొండ మీద శ్రీవేంకటేశ్వర మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల దగ్గర జనం ఎక్కువసేపు ఆగరు. దర్శనం అయిపోయి ఉంటుంది, చేతిలో ప్రసాదం సంచి ఉంటుంది, కిందికి దిగే బస్సు మీద ధ్యాస ఉంటుంది. నేను ఆ రేకుల కోసమే కొండెక్కాను. సందు లేకుండా చెక్కిన తెలుగు అక్షరాలు. కూడబలుక్కుంటూ చదివితే ఒకటి రెండు మాటలు పట్టుబడతాయి. ప్రతి పాటకూ నెత్తిన ఒక రాగం పేరు ఉంటుంది: సామంతం, పాడి, దేసాక్షి, గుండక్రియ, బౌళి. కింద పల్లవి, చరణాలు. అంతే. స్వరం లేదు. చాలావాటికి తాళం పేరు కూడా లేదు. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఏ అక్షరాన్ని ఎంతసేపు పట్టాలో చెప్పే గుర్తు ఒక్కటీ కనిపించదు.

ఆ లేనిదాన్ని వెతుక్కుంటూ చేసిన ప్రయాణం ఇది. కొండ మీద మొదలై, తాళ్లపాక మీదుగా, కడప దాటి, పెండ్లిమర్రిలో ఒక చెక్కభజన గురువు ఇంటి ముందు ముగిసింది.

దీనికి ముందు కొంతకాలంగా నేను ప్రాచీన గ్రీకు పాటలు వింటూ ఉన్నాను. గ్రీకుల దగ్గర కవిత్వమంటే పాడేదే. కవయిత్రి శాఫో లైర్ మీటుతూ పాడింది, విషాద నాటకాల్లో బృందం ఆడుతూ పాడింది. మాటలు కొంత మిగిలాయి, వరసలు పోయాయి. స్వరాలతో సహా దొరికిన ముక్కలు మొత్తం అరవైకి అటూ ఇటూ ఉంటాయి. వాటిలో మొదటి నుంచి చివరి దాకా చెక్కుచెదరకుండా దొరికింది ఒక్కటే, సెయికిలోస్ అనే మనిషి రాతిస్తంభం మీద చెక్కించిన చిన్న పాట. సుమారు పద్దెనిమిది, పందొమ్మిది వందల ఏళ్ల నాటిది. 1883లో ఇప్పటి తుర్కియేలో, ఐదిన్ పట్టణం దగ్గర, రైలుదారి పనుల కాలంలో పురాతత్వ పండితుడు విలియం రామ్సే దాన్ని చూసి లోకానికి చెప్పాడు. ఆ రాయి ఆ తర్వాత రైల్వే అధికారి ఇంట్లో పూలకుండీ కింద పీటగా మారిందనీ, నిలబడటానికి అడుగు కోయించినందుకు పాట కింద ఉన్న చివరి పంక్తి పాడైందనీ చెబుతారు. ఇప్పుడది కోపెన్‌హాగెన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. అక్షరాల పైన స్వరాల గుర్తులున్నాయి, ఎంతసేపు పట్టాలో చెప్పే గీతలున్నాయి. ఒక్కో పాదానికి పన్నెండు మాత్రల కాలం.

పదేళ్ల తర్వాత, 1893లో, డెల్ఫీ తవ్వకాల్లో ఫ్రెంచివాళ్లకు అపోలో స్తుతులు దొరికాయి. అవి కూడా స్వరాలతోనే రాతి మీద ఉన్నాయి. థియోడార్ రెనాక్ వాటిని ఈ కాలపు స్వరలిపిలోకి మార్చాడు. ఫ్రెంచి స్వరకర్త గాబ్రియేల్ ఫోరే వాద్యాలు జోడించాడు. 1894 జూన్‌లో పారిస్‌లో, సోర్బాన్‌లో, ఒలింపిక్ పోటీలను మళ్లీ మొదలుపెట్టాలని నిర్ణయించిన సభలో ఆ పాట పాడారు. రెండు వేల ఏళ్ల పాట వినిపించేసరికి సభ కదిలిపోయిందట. ఫోరే జోడించిన హంగు గ్రీకులకు తెలిసినది కాదు. అది ఫోరే కాలానిది, ఫోరే ఊరిది. ఆ సంగతి పారిస్ దాచలేదు, ఫోరే పేరుతోనే ఆ కూర్పు ఇప్పటికీ నిలిచి ఉంది. మన కీర్తనల విషయంలో నా బాధ అక్కడే మొదలవుతుంది.

డెల్ఫీ పాట విన్నప్పుడు నన్ను పట్టేసింది దాని నడక. ఐదు మాత్రల నడక అది. గురువు, లఘువు, గురువు. మన ఛందస్సు చదివినవాళ్లకు అది ర గణం. గ్రీకు పద్యానికీ మన పద్యానికీ కొలత ఒక్కటే, అక్షరం పొడవూ పొట్టీ. పొడుగు అక్షరం రెండు పొట్టి అక్షరాల కాలం పడుతుంది. అందుకే వరస పోయినా సగం పాట మాటల్లోనే దాగి మిగిలి ఉంటుంది. శ్రుతి పోతుంది గాని లయ పోదు. శాఫో పద్యాలకు ఈనాడు కొత్తగా వరసలు కట్టేవాళ్లలో ఆ కొలతను పట్టించుకున్నవాళ్లూ ఉన్నారు, పట్టించుకోకుండా మాటల్ని తమ రాగానికి సాగదీసుకున్నవాళ్లూ ఉన్నారు. తేడా చెవికి వెంటనే తెలుస్తుంది, గ్రీకు రానివాళ్లకైనా సరే.

ఇక మన రేకుల సంగతి. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. దొరికినవి అందులో సగం కూడా లేవు. సంకీర్తన ఎలా ఉండాలో సంస్కృతంలో ఒక లక్షణగ్రంథం కూడా రాశాడు. అది పోయింది గాని మనవడు చినతిరుమలాచార్యుడు తెలుగులో చెప్పిన సంకీర్తన లక్షణం మిగిలింది. 1816లో కాంప్‌బెల్ దొర తన తెలుగు వ్యాకరణం అచ్చు వేసుకుంటూ, తిరుపతి కొండ మీద రాగిరేకులున్నాయని విని మనిషిని పంపించాడు. అతనికి కావలసింది వ్యాకరణం. దేవుడి మీద స్తోత్రాలు తప్ప మరేమీ పెద్దగా లేవని రాసి పక్కన పెట్టేశాడు. మళ్లీ నూరేళ్లకు, 1922లో, గుడిలోని సంకీర్తన భాండారం నుంచి సుమారు రెండున్నర వేల రేకులు వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు కళ్లు అరగదీసుకుని వాటిని చదివి అచ్చుకెక్కించారు. అక్కడికి మాట దక్కింది.

పాట దక్కించింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. ఆయన మా సీమ మనిషి. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ప్రాకృతం నుంచి గాథాసప్తశతిని తెలుగులోకి తెచ్చారు, వేమన మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసాలిచ్చారు. కర్ణాటక సంగీతంలో సంగీత కళానిధి బిరుదు కూడా అందుకున్నారు, 1974లో. తిరుపతికి వచ్చి ఆ రేకుల పాటలను ఎత్తుకున్నప్పుడు ఆయన దగ్గర రెండు చెవులూ ఉన్నాయి, పద్యానికొకటి, రాగానికొకటి. నూరుకు పైగా కీర్తనలకు వరసలు కట్టి స్వరపరిచారు. యతి ఎక్కడ, ప్రాస ఎక్కడ, మాట ఎక్కడ విరుగుతుంది, ఎక్కడ విరగకూడదు అన్నది తెలిసిన మనిషి కట్టిన వరసలవి. రేకు మీది రాగాల్లో కొన్ని ఈనాడు పాడేవాళ్లు లేరు, కొన్ని పేరు ఒకటే ఉండి రూపు మారిపోయాయి. అలాంటి చోట ఆయన ఊహ చేశారు. చదువుకున్న ఊహ, బాధ్యత ఉన్న ఊహ. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు పాటకు జరిగిన పెద్ద మేలు ఇదే.

మర్నాడు తిరుపతి నుంచి కడప బస్సెక్కి రాజంపేటలో దిగాను. కోడూరు దాకా అరటి, బొప్పాయి, మామిడి తోటలు, ఎడంపక్కన శేషాచలం అడవి. అన్నమయ్య ఎనిమిదేళ్ల వయసులో ఎవరికీ చెప్పకుండా యాత్రికుల వెంటబడి తిరుమలకు నడిచి వెళ్లాడని మరో మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర చెబుతుంది. ఆ కొండలన్నీ బస్సు కిటికీలోంచి చూస్తుంటే ఆ పిల్లవాడి కాళ్లే కళ్లలో మెదిలాయి. రోడ్డు పక్కన నూట ఎనిమిది అడుగుల అన్నమయ్య విగ్రహం తంబుర పట్టుకుని నిలబడి ఉంది. దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడి నుంచి లోపలికి వెళితే తాళ్లపాక, మామూలు పల్లె. చెన్నకేశవుడి గుడి, సిద్ధేశ్వరుడి గుడి, దేవస్థానంవాళ్లు కట్టిన ధ్యానమందిరం.

మందిరంలో కొందరు బడిపిల్లలు పాట నేర్చుకుంటున్నారు. నేర్పుతున్నావిడ శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ, తప్పు పాడిన పిల్లను కసరకుండా మళ్లీ మళ్లీ పాడిస్తోంది. పాట ‘నానాటి బతుకు’. అయిపోయేదాకా గోడకు ఆనుకుని విన్నాను. తర్వాత పలకరించాను.

“చాలా బాగా నేర్పుతున్నారమ్మా. ఈ వరస ఎవరిదో పిల్లలకు చెప్పినారా?”

“ఎవరిదేంది సార్, అన్నమయ్యదే కదా. ఆయన ఊర్లో ఆయన పాటే.”

“పాట ఆయనదే. వరస నెదునూరి కృష్ణమూర్తిగారిది. రేకు మీద దీనికి ముఖారి అని ఉంది. రేవతిలో కట్టింది ఆయన.”

ఆవిడ ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత పిల్లల వైపు తిరిగి ఆ పేరు చెప్పి, రెండుసార్లు పలికించింది. నాకు ఆ ఊళ్లో అంతకన్నా సంతోషం వేరే దొరకలేదు.

ఆవిడ అనుకున్నట్టే లక్షలమంది అనుకుంటారు. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో బాలాజీ పంచరత్నమాల రికార్డులు ఇంటింటికీ వెళ్లాయి. 1978లో దేవస్థానం పెట్టిన అన్నమాచార్య ప్రాజెక్టులో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల కీర్తనలకు వరసలు కట్టారు. 2025లో ఆయన పోయినప్పుడు, పొద్దున్నే మనం వినే పాటల్లో ఎన్ని ఆయనవో చాలామందికి అప్పుడే తెలిసింది. 1997లో అన్నమయ్య మీద సినిమా వచ్చింది, కీరవాణి సంగీతంతో ఇంకో తరం ఇంకోలా నేర్చుకుంది. ఇదంతా మంచిదే. పాట బతికింది. కానీ అన్నీ అన్నమయ్య వరసలే అనుకుంటే జరిగే నష్టం ఏమిటంటే, కొత్తగా ఎవరైనా వరస కట్టబోతే అపచారమంటాం. దొరికిన వేల పాటల్లో గొంతుకెక్కినవి కొన్ని వందలే. మిగతావి రేకు మీద ఎలా ఉన్నాయో పుస్తకంలోనూ అలాగే పడి ఉన్నాయి. వాటికి వరసలు కట్టేవాళ్లు రావాలంటే ముందు వచ్చినవాళ్లు మనుషులేనని, పేర్లున్నవాళ్లని, మన మధ్య తిరిగినవాళ్లని తెలియాలి.

ఒంటిమిట్టలో దిగి కోదండరాముణ్ణి చూశాను. ఎత్తైన గోపురం, మంటపం స్తంభాల మీద శిల్పాలు, పోతన విగ్రహం. సాయంత్రం ఎండలో రాయి రంగు బాగుంది. ఆలస్యం చేయకుండా కడప చేరాను. దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరుడి గుడి తలుపు వేసే వేళకు ముందు దర్శనమైంది. అన్నమయ్య ‘కడపరాయడు’ అని పిలిచిన దేవుడు ఈయనే. ఆ పేరుతో ముగిసే పాటలు పుస్తకంలో చూసి రాసి పెట్టుకున్న కాగితం నా జేబులో ఉంది. వాటిలో ఎక్కువ పాటలు నేను ఎక్కడా విన్నవి కావు.

పెండ్లిమర్రికి కడప నుంచి పులివెందుల వైపు పోవాలి. ఊరు దాటగానే నేల రంగు మారుతుంది. చీనీ తోటలు, శనగ చేలు, దూరంగా పాలకొండలు. కడప-బెంగళూరు కొత్త రైలుదారిలో మొదటి ముక్కగా ఇక్కడి దాకా పట్టాలు వేశారు. ఈ మండలంలోనే పొలతల మల్లికార్జునుడి క్షేత్రం ఉంది, వేయినూతులకోన నరసింహస్వామి ఉన్నాడు. శివరాత్రికి పొలతల కిటకిటలాడుతుంది, రాత్రంతా భజనలే. కడప స్నేహితుడు ఒకాయన, చెక్కభజన నేర్పే గురువు తనకు తెలుసని చెప్పి, నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. గురువు పగలు చీనీ తోటలో పని చేసుకుంటాడు. పొద్దుగుంకినాక వీధి దీపం కింద కుర్రవాళ్లకు అడుగులు నేర్పుతాడు. మేం పోయేసరికి ఇంట్లో సంగటి, ఊరిబిండి సిద్ధంగా ఉన్నాయి. “ముందు తినండి నాయనా, పాట యాడికీ పోదు” అన్నాడు.

తిన్నాక ముందుగా డెల్ఫీ పాట ఫోన్‌లో వినిపించాను. ఏ దేశానిదో, ఏ కాలానిదో చెప్పలేదు. ఆయన కళ్లు మూసుకోలేదు, తల ఊపలేదు. చూపు నేల మీద పెట్టి, కుడికాలి బొటనవేలు కదిలించడం మొదలుపెట్టాడు. పాట అయిపోకముందే చెయ్యెత్తి ఆపమన్నాడు.

“ఐదు కదా ఇది. తక తకిట, తక తకిట. మాకూ ఉండాది ఈ అడుగు. మాట అర్థం కాలే గాని కాలికి అర్థమైంది.”

రెండు వేల ఏళ్ల నాటి పాట, గ్రీసు దేశం అని అప్పుడు చెప్పాను. కుర్రవాళ్లు ఎగబడి మళ్లీ పెట్టించుకున్నారు. ఒకతను చెక్కలు తీసుకుని ఫోన్ పాటకు వేశాడు. గజ్జెలు, చెక్కల తాళం, ఆ పక్కన యూరప్ గాయకుల గొంతులు. ఎక్కడా తప్పలేదు. కొలత అక్షరంలో ఉంది కాబట్టి తప్పలేదు. పండితుల పుస్తకాల్లో నేను చదివిన మాట, పెండ్లిమర్రి వీధిలో ఆ కుర్రవాడి చేతుల్లో నిజమైంది.

తర్వాత జేబులో కాగితం తీసి ఇచ్చాను, అందులో ఒక కడపరాయడి పాట. ఆయన మనవరాలు చదివి వినిపించింది, ఆయన మళ్లీ చెప్పించుకున్నాడు. రాగం ఏమని ఉందో అడగలేదు. పల్లవిని మూడు నాలుగు రకాలుగా నడిపించి చూశాడు. మొదట వేగంగా ఎత్తుకున్నాడు, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “ఊహూఁ, ఇది పరిగెత్తే పాట గాదు” అని తగ్గించాడు. ఒక చరణంలో ఒక మాట రెండు అడుగుల మధ్య చీలిపోయింది. ఆయన పాట ఆపేసి, ఆ మాటను పదే పదే వట్టిగా పలికి, దీర్ఘం ఎక్కడుందో చూసుకుని, అడుగును ముందుకు జరిపాడు. మాటను జరపలేదు. ఆ ఒక్క పనిలో రాళ్లపల్లివారి పద్ధతి మొత్తం నాకు కనిపించింది. ఆయన పేరు ఈయన వినలేదు.

ప్రాస దగ్గర ఇంకో సంగతి చెప్పాడు. “సూడు నాయనా, పాదం పాదానికీ రెండో అక్షరం ఒకటే వస్తాండాది. చెక్క ఆడ పడాల. మొదటి అక్షరం కాడ కొడితే పాట కూలబడతాది. రెండోదాని కాడ కొడితే లేచి నిలబడతాది.” వేయించి చూపించాడు. నిజమే. రేకు మీద తాళం లేదని కొండ మీద నేను అనుకున్న పాటకు, దాని కొలత దాని ప్రాసలోనే ఉంది. ఆ గుర్తు చదవగలిగిన మనిషి కావాలి.

వరస ఒక కొలిక్కి వచ్చేసరికి వీధిలో చాలామంది చేరారు. ఆడవాళ్లు గడపల్లో కూచుని పల్లవి అందుకున్నారు. ఇది కచేరీ వరస కాదు. సంగీతం చదువుకున్నవాళ్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. రాగం పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు, ఒకచోట మోహనలా, ఇంకోచోట పల్లెపదంలా వినిపించింది. అయినా నా మనసుకు ఇది ఫోరే చేసినదానికంటే పాటకు దగ్గరగా ఉంది. ఫోరే తన హంగును దొరికిన పాట చుట్టూ కట్టాడు. ఈయన పాట లోపలి నడకను బయటికి తీశాడు. అన్నమయ్య కూడా జోలపాటలు, సువ్విపాటలు, ఏలపదాలు వంటి జనం మట్టుల్లో పాటలు కట్టినవాడే. ఆయన పాట పల్లె అడుగులోకి రావడం పరాయి ఇంటికి రావడం కాదు.

రాళ్లపల్లివారి గురించి ఆయనకు చెప్పాను. ఆయన ఎక్కడివాడో, మైసూరులో ఏం చేశాడో, ముసలితనంలో తిరుపతిలో కూర్చుని పాటలు ఎలా స్వరపరిచాడో. 1979లో దేవస్థానం ఆయన్ను ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించుకున్న రోజునే ఆయన పోయిన సంగతి కూడా చెప్పాను. గురువు చాలాసేపు ఆ పేరే అడిగి అడిగి చెప్పించుకున్నాడు. ఆ కీర్తనల స్వరాల పుస్తకం దొరుకుతుందా అన్నాడు. ఆయనకు స్వరలిపి చదవడం రాదు, మనవరాలు కడపలో పాట నేర్చుకుంటోంది, ఆ పిల్ల చదివి చెబుతుందట. పంపిస్తానన్నాను.

“శివరాత్రికి పొలతలలో ఈ పాట ఆడిస్తాం” అన్నాడు బయలుదేరబోతుంటే. “మల్లన్న కాడ ఎంకన్న పాట అంటే ఎవరూ ఏమనరు, మా కాడ ఆ తేడా లేదు. మైకులో మాత్రం ఏమని చెప్పాల? అన్నమయ్య పాట అంటే సరిపోతాదా?”

“పాట తాళ్లపాక అన్నమయ్యది అని చెప్పండి. వరస మీది. మీ పేరు, ఊరి పేరు కూడా చెప్పండి” అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు, దేవుడి పాటకు నా పేరేంది అన్నాడు. మనవరాలు ఒప్పుకుంది. కాగితం తీసుకుని, పాట కింద తాత పేరు, దాని కింద పెండ్లిమర్రి అని రాసి, ఆ రోజు తేదీ వేసింది.